పప్పు, పెంకు, న్యూక్లియస్

అంబాజీపేట

ఒరేయ్ శీనూ,

మీ అమ్మాయి "న్యూక్లియస్ అంటే కేంద్రకం సరే, అసలా మాటకి అర్థమేంటి నాన్నా" అంటే నోరెళ్ళబెట్టి, ప్రశ్న నా మీదకి తోసేశావన్నమాట. మంచిపనే చేశావులే. జవాబు మా తోటలోనే ఉంది.

లాటిన్‌లో నుక్స్ అంటే పెంకు కాయ. దాని చిన్నరూపం నుక్లెయుస్: పెంకు కొడితే లోపల దొరికే పప్పు. జీడిపప్పులో పప్పు ఉందే, అదే! 1831లో రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రవేత్త ఆర్కిడ్ కణాలు చూస్తూ లోపలి గుండ్రటి మచ్చకి ఈ పేరు పెట్టాడు. బ్రౌనియన్ చలనం అని వల్లెవేశామే, ఆ బ్రౌనే. ఆ మచ్చని అంతకుముందే చూసినవాళ్ళున్నారు. పేరు మాత్రం ఇతనిదే నిలిచింది. ఇక పరమాణువు సంగతి: భౌతికశాస్త్రవేత్త రూథర్‌ఫర్డ్ 1911 వ్యాసంలో దాని మధ్యలో విద్యుదావేశం ఉందన్నాడే గానీ న్యూక్లియస్ అన్న మాట వాడలేదు. మరుసటేడు వాడాడు.

ఇక కొబ్బరి. మొక్కలకి లాటిన్ పేర్లు పెట్టిన లిన్నేయస్ 1753లో దీనికి కోకోస్ న్యుసిఫెరా అని పేరు పెట్టాడు. న్యుసిఫెరా అంటే నుక్స్‌ని మోసేది. అంటే న్యూక్లియస్‌కీ మన కొబ్బరిచెట్టుకీ ఇంటిపేరు ఒకటే! తమాషా ఏంటంటే, వృక్షశాస్త్రం లెక్కన కొబ్బరికాయ నట్ కానే కాదు, మామిడిలా టెంక ఉన్న పండు.

అసలు రుచి ఇక్కడుందిరా. కాయ బాగా లేతగా ఉన్నప్పుడు లోపలి న్యూక్లియస్ ఒకటి రెండై, రెండు నాలుగై చీలుతూనే ఉంటుంది గానీ మధ్యలో కణం గోడలు కట్టుకోదు. గోడల్లేని న్యూక్లియస్‌లు నీళ్ళలో ఊరికే తేలుతుంటాయి. కాయ ముదిరేకొద్దీ అవి చిప్ప అంచుకి చేరి, చుట్టూ గోడలు కట్టుకుంటాయి. మనం చెంచాతో గీరుకు తినే మీగడ అదే, ముదిరితే కొబ్బరి. నీళ్ళన్నీ ఇంకిపోయేదాకా అటక మీద ఉంచితే కురిడీ. కొబ్బరినీళ్ళకి కణాలు చీలి పెరిగేలా చేసే గుణం ఉంది, వాటిని 1941 నుంచి ప్రయోగశాలల్లో మొక్కల పిండాలు పెంచడానికి కూడా వాడారు.

కేంద్రకం అన్న మాట పరమాణువుకి బాగానే కుదిరింది. మొక్క కణంలో మాత్రం నాకు నచ్చదు. ముదిరిన కణంలో నీళ్ళ సంచీ మధ్యంతా ఆక్రమించి, న్యూక్లియస్‌ని ఓ పక్కకి నెట్టేస్తుంది. మధ్యలో లేనిదానికి కేంద్రకమేంటి? పప్పు అని ఉంటే హాయిగా ఉండేది. పరీక్షలో మాత్రం రాయొద్దని చెప్పు, మార్కులు పోతాయి.

వచ్చే దింపులో లేతకాయలు ఆపుతాను. పాపని తీసుకురా, మీ ఆవిడనీ రమ్మను.

నీ
రాంబాబు