తోడేలు పొట్టలో కత్తి

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. ఏదో కంప్యూటర్ ఆటలో తోడేలుని చంపితే 12 బంగారు నాణేలూ ఒక ఇనప కత్తీ రాలాయని, ఇంత అన్యాయం ఎక్కడైనా ఉందా అని రెండు పేజీలు తిట్టావు. నువ్వు తయారుచేస్తున్న ఆటలో మాత్రం లూట్, అంటే చచ్చిన శత్రువు దగ్గర దొరికే సొమ్మూ సామానూ, అంతా నిఖార్సైన నిజంలా ఉంటుందని చివర్న ఒట్టు కూడా వేశావు. ఆ ఒట్టు తీసి గట్టున పెట్టు. మొత్తం అక్కర్లేదు, సగం చాలు.

ఎందుకంటే నువ్వు రెండు వేరు వేరు సంగతుల్ని ఒకే మూటలో కట్టేశావు. శత్రువు ఒంటి మీద ఏం దొరకాలి అన్నది ఒకటి. దొరికింది ఎంతకి అమ్ముడుపోవాలి అన్నది ఇంకొకటి. మొదటిదాంట్లో ఎంత నిజాయితీగా ఉంటే అంత మంచిది, నీతో నాకు పేచీ లేదు. రెండోదాంట్లో నిజాన్ని పట్టుకుని వేలాడావంటే నీ ఆట మూడో గంటకే చప్పబడిపోతుంది.

అసలు ఈ తోడేలు నాణేలు ఎక్కడివో చూడు. 1974లో వచ్చిన, కాగితం, పాచికలతో బల్ల చుట్టూ కూర్చుని ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో రాక్షసజాతులకి అక్షరాలు కేటాయించారు. ఆ అక్షరం పట్టుకుని పట్టికలో చూస్తే దాని గుహలో వెండి ఉండే అవకాశం ఎంత శాతం, బంగారం ఎంత శాతం అని తేలేది. అంటే సొమ్ము ఉండేది గుహలో. రాక్షసి జేబులో కాదు. కంప్యూటర్ ఆటలకి వచ్చేసరికి పోరాటం ఎక్కడ పడితే అక్కడ జరుగుతుంది, ప్రతిసారీ గుహ ఎక్కడ చూపిస్తారు? అందుకని గెలవగానే అనుభవం (ఆటగాడి స్థాయి పెంచే పాయింట్లు) ఇంత, డబ్బు ఇంత అని తెర మీద లెక్క చెప్పేశారు. 1986 నాటి డ్రాగన్ క్వెస్ట్‌లో చేతులూ జేబులూ లేని జిగురుముద్ద, అదే స్లైమ్, చచ్చి బంగారం ఇచ్చేది. ఎవరూ ఏమీ అనుకోలేదు, ఎందుకంటే శవం కనిపించదు, వెతకడమూ ఉండదు. అది కూలి డబ్బు కింద లెక్క. శవం నేల మీద పడి, దాన్ని నువ్వే తెరిచి చూసే ఆటలు వచ్చాకే ఇది కంట్లో నలుసైంది.

2004లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ దీన్ని సగం దిద్దింది. డబ్బు ఎక్కువగా మనిషి పోలిక ఉన్న శత్రువుల దగ్గరే. జంతువు చస్తే విరిగిన కోరో చిరిగిన చర్మమో వస్తుంది, దాన్ని అంగడివాడికి అమ్ముకోవాలి. వచ్చే సొమ్ము దాదాపు అంతే, దారి మాత్రం నమ్మేలా ఉంది. కానీ అదే ఆటలో ఇంకో చోట పప్పులో కాలేశారు. జీబ్రాలాంటి జెవ్రా అనే జంతువుని చంపి డెక్కలు తెమ్మని ఒక పని ఉంటుంది. నాలుగు కాళ్ళ జంతువుని చంపితే చాలాసార్లు ఒక్క డెక్కా దొరకదు! పని తొందరగా అయిపోకూడదని డ్రాప్ రేట్, అంటే వస్తువు దొరికే అవకాశం, తగ్గించారు, అంతే. ఆటగాళ్ళు ఇప్పటికీ ఎగతాళి చేస్తారు.

దీనికి మందు చాలా చవక. పేరు మార్చు. "డెక్క" అనకుండా "చీలని డెక్క" అను. అప్పుడు దొరకనప్పుడల్లా ఆటగాడే సర్దిచెప్పుకుంటాడు: చీలిపోయి ఉంటుందిలే. కానీ రేటు మరీ కిందికి దించకు. 5 శాతం పెడితే సగటున 20 జంతువులు అనుకుంటావు. కానీ 20 చంపినా వందలో 36 మందికి ఒక్కటీ రాదు. వందలో 95 మందికి రావాలంటే 59 చంపాలి. 1 శాతమైతే ఆ లెక్క 299. అందుకే కథకి అవసరమైన వస్తువుని పాచికలకి వదలొద్దు. వదిలావా, తప్పినప్పుడల్లా అవకాశాన్ని కాస్త పెంచుతూ పో, 15వ దానికైనా తప్పక దొరికేలా.

జంతువుల విషయంలో నువ్వు శ్రద్ధగా చూడాల్సిన ఆట మాన్‌స్టర్ హంటర్ వరల్డ్ (2018). పెద్ద జంతువు పడ్డాక చాకు పెట్టి సాధారణంగా మూడుసార్లు కోసుకోవచ్చు. తోక తెగి పడితే దాని దగ్గరికి వెళ్ళి విడిగా ఇంకోసారి. తోక తెగాలంటే కోసే ఆయుధం కావాలి, సుత్తితో ఎంత బాదినా ఊడదు. తల మీద కొడితే తల చిట్లుతుంది, దాని ముక్కలు అదనంగా వస్తాయి. అంటే ఏం కావాలో ముందే అనుకుని, దాన్ని బట్టి ఎక్కడ కొట్టాలో నిర్ణయించుకుంటావు. లూట్ అక్కడ పోరాటంలోకే వచ్చేసింది. ఇల్లంత జంతువు నుంచి మూడు ముక్కలేనా అని ఎవరూ అడగరు, గమనించావా? కోయడానికి పట్టే సమయం కనిపిస్తుంది కాబట్టి. బీరువా తలుపు తీసినట్టు శవాన్ని తెరిస్తేనే ఆ ప్రశ్న వస్తుంది.

ఇక ఆయుధాల సంగతి. నియమం ఒక్కటే పెట్టుకో: ఏ కత్తితో నన్ను కొట్టాడో ఆ కత్తి నాకు దొరకాలి. అగ్గి చిమ్మే ఖడ్గంతో పది నిమిషాలు ఏడిపించినవాడు చచ్చాక వాడి దగ్గర రెండు ఆపిల్ పళ్ళు దొరికితే ఒళ్ళు మండుతుంది. బ్రెత్ ఆఫ్ ది వైల్డ్ (2017) ఈ నియమాన్ని చక్కగా పాటించింది. బోకోబ్లిన్ అనే రాక్షసి చేతిలో ఉన్న గదే కింద పడుతుంది. కరెంటు షాక్ తగిలినా చేతిలోంచి జారుతుంది, వాడికన్నా ముందు పరిగెత్తి అందుకోవచ్చు. మామూలు రాక్షసుల నుంచి డబ్బు రాదు, కొమ్మూ కోరా పేగులూ వస్తాయి. ఇంత ధారాళంగా ఆయుధాలిచ్చి కూడా ఆట ఎలా నిలబడిందంటే, దాదాపు ప్రతి ఆయుధమూ కొన్ని దెబ్బలకి ముక్కలైపోతుంది. చాలామంది ఆ విరగడాన్ని తిట్టుకున్నారు. తీసేస్తే మాత్రం రాక్షసుల రెండో శిబిరం దాటేసరికి సంచి నిండి మిగిలిన ఆటంతా అవసరం లేకుండా పోయేది.

విరగడం నచ్చనివాళ్ళు 1998 నాటి బాల్డర్స్ గేట్ చూడాలి. అందులో కథే ఇనుము పాడైపోవడం గురించి. గనుల్లో ఖనిజం చెడిపోయింది, మంత్రం లేని మామూలు కత్తులు పోరాటం మధ్యలో పుటుక్కున విరుగుతాయి. కాబట్టి బందిపోటు కత్తికి విలువెందుకు లేదో ఎవరికీ వివరించక్కర్లేదు. ఆర్థిక సమస్యని కథలో కలిపేశారు. ఇంత తెలివైన ఎత్తు నాకింకెక్కడా కనిపించలేదు.

ఇప్పుడు అసలు చిక్కు. నీ ఆటలో దారి కాచే ఐదుగురు బందిపోట్లు ఉన్నారు కదా, అందరికీ గొలుసు కవచాలు తొడిగావు. కవచం 10 కిలోలు, శిరస్త్రాణం 2, కత్తి 1.5, డాలు 4. మనిషికి పదిహేడున్నర, ఐదుగురికీ కలిపి 87.5 కిలోలు. కొత్త కవచం అంగట్లో 400 నాణేలన్నావు, కొనేవాడు సగం ఇస్తాడన్నావు. అంటే కవచాలకే వెయ్యి నాణేలు. గాయం మాన్పే మందు 30. ఒక్క గొడవతో 33 సీసాలు! కింగ్‌డమ్ కమ్: డెలివరెన్స్ (2018)లో మంత్రతంత్రాలేవీ లేవు, 1403 నాటి బొహీమియా (ఇప్పటి చెక్ దేశం). అందులో కూడా ఇదే జరిగింది. కవచం విలువైనదన్న నిజాన్ని గౌరవించారు, దాంతో నాలుగు గొడవలు గెలిచినవాడికి డబ్బు చింత తీరిపోయింది.

దీనికి చాలామంది వేసే మాత్ర బరువు పరిమితి. స్కైరిమ్ (2011)లో మొదట్లో 300 వరకే మోయగలవు, సాధారణ వ్యాపారి దగ్గర 750 బంగారమే ఉంటుంది, ఆటలోని 48 గంటలకి మళ్ళీ నిండుతుంది. ఏమైంది? ఆటగాడు ఆగలేదు. నెమ్మదిగా నడుస్తూ మోశాడు, అంగడి ముందు రెండు రోజులు నిలబడి గడియారం తిప్పాడు. పరిమితి పెడితే ఆశ తగ్గదు, చాకిరీ పెరుగుతుంది. డ్రాగన్ ఎముక ఒక్కోటి 15 బరువు, పారేయబుద్ధి కాదు, మోయలేం. అందం అనుకుంటే అందం, విసుగు అనుకుంటే విసుగు.

ఇంకో తప్పుడు మందు, శత్రువుల సామాను మన స్థాయితో పాటు పెంచేయడం. ఆబ్లివియన్ (2006)లో పెద్ద లెవెల్‌కి వెళ్ళాక దారిదోపిడీగాడు వేల విలువైన గాజు కవచం తొడుక్కుని వచ్చి 100 నాణేలిస్తావా చస్తావా అంటాడు. వాడి ఒక చేతి తొడుగు అమ్ముకున్నా అంతకన్నా ఎక్కువే వస్తుంది కదరా!

కాబట్టి బందిపోటుకి చవక సరుకు తొడుగు. ఇది నిజానికి దగ్గర కూడా. మామూలు సిపాయి ఒంటి మీద ఎక్కువగా ఉండేది గుడ్డ పొరలు కుట్టిన దళసరి కోటు, చేతిలో ఈటె. కత్తీ గొలుసు కవచం నాయకుడికి. లెక్క చూడు: నాయకుడి కవచం కొత్తది 400, వాడి ఒంటి మీదున్నది 40 శాతం బాగుంది, అంటే 160, అంగడివాడు పావు ధర ఇస్తే 40. నాలుగు ఈటెలు ఒక్కోటి 2 చొప్పున 8. అందరి రొంటినా కలిపి 15 చిల్లర. నాయకుడి కత్తీ, గుడ్డ కోట్లూ పక్కన పెడితే మొత్తం 63, అంటే రెండు మందు సీసాలు. ఎవడి ఒంటి మీద ఉన్నదీ మాయం చేయలేదు, అయినా లెక్క సరిపోయింది.

ఆ 40 శాతం గాలివాటుగా పెట్టకు. ఎలా చంపావో దాన్ని బట్టి రావాలి. గొడ్డలితో నరికితే కవచానికి చిల్లు పడాలి కదా, 30 చాలు. విషం పెట్టి చంపితే 80. నిప్పుతో కాలిస్తే తోలుకోటు బూడిద, ఇనుముకి పర్లేదు. తోడేలు చర్మానికీ ఇదే వరస. మంత్రగాడు అగ్గిగోళం వేసే ముందు ఒక్క క్షణం ఆలోచిస్తాడు. నాకు కావాల్సింది ఆ క్షణమే.

శవాల్ని ఒలిచేయడం మర్యాద కాదని రాశావు కానీ, చరిత్రలో అదే మామూలు. ఇంగ్లాండ్‌లో జరిగిన హేస్టింగ్స్ యుద్ధం (1066) బొమ్మలున్న బాయూ వస్త్రం కింది అంచున చచ్చినవాళ్ళ గొలుసు కవచాలు తల మీదుగా లాగుతున్న మనుషులు కనిపిస్తారు. స్వీడన్‌లోని గాట్లాండ్ దీవిలో విస్బీ దగ్గర 1361 యుద్ధంలో చచ్చినవాళ్ళని కవచాలతోనే పూడ్చారంటే అది చాలా అరుదు కాబట్టే ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. తలమీదుగా లాగడం అన్నాను చూడు, అది గుర్తుపెట్టుకో. ఒక క్లిక్‌తో ఊడకూడదు. కవచానికి 8 సెకన్లు పెట్టు, కత్తికి 1. ఊళ్ళో కాపలావాళ్ళు వస్తుంటే ఏది తీసుకోవాలో ఆటగాడే తేల్చుకుంటాడు.

కోడ్ సంగతి రెండు ముక్కలు. లూట్‌ని శత్రువు చచ్చినప్పుడు పాచికలేసి నిర్ణయించకు, పుట్టినప్పుడే నిర్ణయించు. లేకపోతే బతికుండగా జేబు కొట్టి కత్తి లాగేసినా, చచ్చాక ఇంకో కత్తి పుడుతుంది. నచ్చని సరుకు వస్తే సేవ్ ఫైల్ (ఆట ఆపిన చోటు దాచిన ఫైలు) మళ్ళీ తెరిచి పాచికలు మళ్ళీ వేయిస్తారు కూడా. మెమరీ భయం వద్దు, ఒక్కో శత్రువుకి ఒక సీడ్ అంకె (పాచికల ఫలితాలన్నీ పుట్టించే మూల అంకె) దాస్తే చాలు, పట్టిక దాన్నుంచి ఎప్పుడైనా తిరిగి వస్తుంది. రెండోది, శత్రువు సంచిలో ఉన్నది వాడు వాడుకోవాలి. మూడు మందు సీసాలు పెట్టుకుని తాగకుండా చచ్చినవాడు తోడేలు నాణేల కన్నా పెద్ద అబద్ధం. తాగనివ్వు. తొందరగా చంపితే సీసాలు నీవి, నాన్చితే వాడి కడుపులోకి.

అబద్ధం నిర్భయంగా ఆడాల్సిన చోట్లు కూడా చెబుతాను. నాణేలకి బరువు పెట్టకు. డాగర్‌ఫాల్ (1996) పెట్టింది, 400 నాణేలు ఒక కిలో. దాన్ని మోయలేక బ్యాంకుకి పోయి హుండీ కాగితాలు రాయించుకోవాలి. ముచ్చటగానే ఉంటుంది కానీ అది వేరే ఆట. అలాగే కవచం కొలతలు: ఆరడుగులవాడిది ఐదడుగులవాడికి పట్టదు, అయినా పట్టనీ. పెద్ద బాస్ (ముఖ్యమైన శత్రువు) చేతిలో తాటిచెట్టంత గద ఉంటే డార్క్ సోల్స్ (2011) చేసినట్టు చెయ్యి. దాని ఆత్మ దొరుకుతుంది, కమ్మరి దాంతో మన చేతికి పట్టే ఆయుధం చేసిస్తాడు.

ఊరి పశువుల విషయంలో మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకో. విచర్ 3 (2015)లో ఆవు చస్తే తోలు, తోలుకి డబ్బు, కాసేపు ధ్యానం చేస్తే ఆవులు మళ్ళీ ప్రత్యక్షం. జనం ఆవుల మీద పడ్డారు. తయారుచేసినవాళ్ళు ప్యాచ్‌లో, అంటే తర్వాత పంపిన దిద్దుబాటులో, ఆవుల రక్షణకని ఒక భయంకరమైన రాక్షసిని దింపారు, ఎక్కువ ఆవుల్ని చంపితే వచ్చి తొక్కేస్తుంది. అందరూ నవ్వుకున్నారు. నువ్వు పట్టికలోనే ఆవు తోలు ధర సరిచూసుకుంటే రాక్షసి ఖర్చు మిగులుతుంది.

మార్చిన పట్టిక పంపు, బందిపోట్ల వరస ముందు చూస్తాను.

నీ వాడే.

తా.క. తోడేలు పొట్టలో ఉంగరం పెడతానన్నావు, 200లో ఒకదానికి. ఆట మొత్తం మీద నీ తోడేళ్ళు 60. అంటే నలుగురిలో ఒక్కడికే ఆ ఉంగరం కనిపిస్తుంది. పాచికలు మానేసి, ఉత్తరం గుహలో ఉన్న కుంటి తోడేలు పొట్టలో నువ్వే పెట్టు. పక్కన ఒక చెప్పు కూడా పడెయ్యి.