మోగేది వస్తువా, స్పీకరా?

సంపాదకులకు,

బహిరంగ స్థలాల్లోని మెట్లూ బల్లలూ ఊయలలూ తాకితే మోగేలా అమర్చే శబ్దకళా నిర్మాణాలకు ఆదరణ పెరగడం సంతోషకరమే. అయితే వాటిని మెచ్చుకునేవారు గానీ, వాటికి డబ్బు వెచ్చించేవారు గానీ ఒక ముఖ్యమైన తేడాను గమనించడం లేదనిపిస్తోంది. మోగుతున్నది ఆ వస్తువేనా, లేక ఎక్కడో అమర్చిన స్పీకరా?

అరటిపండును పియానో మీటగా మార్చే మేకీ మేకీ అనే సర్క్యూట్ బోర్డు 2012లో వచ్చింది. పండును తాకగానే మన శరీరం గుండా స్వల్ప విద్యుత్తు ప్రవహించి వలయం పూర్తవుతుంది, కంప్యూటర్ ఒక స్వరాన్ని వినిపిస్తుంది. పిల్లలకు విద్యుత్తు గురించి చెప్పడానికి చక్కటి సాధనమే గానీ, అక్కడ పండు చేసేది స్విచ్చు పని మాత్రమే. దాని స్థానంలో చెంచా పెట్టినా అదే స్వరం పలుకుతుంది. దీనికి భిన్నంగా, కంపనాలను విద్యుత్ సంకేతాలుగా మార్చే నాణెమంత పీజో బిళ్లను ఇనుప రెయిలింగుకు అతికించి యాంప్లిఫయర్‌కు కలిపి చూడండి. గోటితో గీరితే ఒక ధ్వని, వేలి కొసతో తడితే మరొకటి, వాన చినుకు పడితే ఇంకొకటి వినిపిస్తాయి. అది ఆ ఇనుము సొంత గొంతు.

సంగీతకారుడు డేవిడ్ బర్న్ 2005లో స్టాక్‌హోమ్‌లో ఒక భవనాన్నే వాద్యంగా మార్చినప్పుడు స్పీకర్ల జోలికి పోలేదు. పాత ఆర్గాన్ వాద్యం మీటలు నొక్కుతుంటే మోటార్లు దూలాలను అదిరించేవి, గొట్టాల్లోకి గాలి వీచేది, స్తంభాల మీద దెబ్బలు పడేవి. తరువాత న్యూయార్క్‌లోనూ లండన్‌లోనూ ఇదే ప్రయోగం చేసినప్పుడు, కట్టడం మారడంతో వాద్యమూ మారింది.

ఎలక్ట్రానిక్స్ వాడితే కళ కాదని నా వాదన కాదు. 2011లో మాంట్రియల్‌లో ఏర్పాటు చేసిన 21 ఊయలలకు సెన్సర్లూ స్పీకర్లూ ఉన్నాయి. కానీ ఒక్కరే ఊగితే పలికేది కొద్దిపాటి స్వరాలే; కొన్ని బాణీలు పక్కవారితో లయ కలిపి ఊగినప్పుడే పుడతాయి కాబట్టి, ఊగేవారు పక్క ఊయల వైపు చెవి పెట్టక తప్పదు. అడుగు పడిన ప్రతిసారీ ఒకే గంట మోగించే మెట్లలో ఆ అవకాశమే లేదు. దాటిపోయేవారికి అది క్షణం సేపు వినోదం, రోజంతా అక్కడే పనిచేసేవారికి మాత్రం రొద. శబ్దకళాకారుడు మ్యాక్స్ న్యూహౌస్ 1977లో న్యూయార్క్‌లోని టైమ్స్ స్క్వేర్‌లో నేల జాలీ కింద అమర్చిన ధ్వని, పేరు చెప్పే బోర్డు కూడా లేకుండా, గమనించినవారికే వినిపించేంత తగ్గు స్థాయిలో ఉండేది. అదీ 1992లో ఆగిపోయింది, మళ్లీ మోగింది 2002లోనే.

అందువల్ల ఇటువంటివాటికి అనుమతి ఇచ్చే అధికారులు ముందుగా సమీపంలో పనిచేసేవారికి ఒక పూర్తి రోజు వినిపించి వారి మాట తీసుకోవాలి; నిర్మాణ వ్యయంతో పాటే మరమ్మతులకూ నిధి కేటాయించాలి. పత్రికలకూ ఒక మనవి. ప్రారంభోత్సవం నాటి ఫొటోతో సరిపెట్టకుండా, ఆరు నెలల తరువాత విలేఖరిని మళ్లీ పంపి, ఎన్ని మీటలు ఇంకా పలుకుతున్నాయో రాయించండి.

భవదీయుడు,
ఒక పాఠకుడు