ఏలూరు–విజయవాడ దారికి కారు వెతికిపెట్టిన వారికి కృతజ్ఞతలు

నాకు కారు కొనిపెట్టడానికి తమ ఆదివారాలు ఖర్చు చేసిన వారందరికీ ఫోను చేసి చెప్పాను. అయినా మనసు నిండలేదు. నలుగురి ముందూ చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను. రోజూ హైవే మీద దూరం వెళ్లివచ్చే ఇంకెవరికైనా వారు చెప్పిన మాటలు అక్కరకు వస్తే మరీ సంతోషం.

నా అవసరం ఇది. ఇల్లు ఏలూరులో, కాలేజీ విజయవాడలో. రానూపోనూ 120 కిలోమీటర్లు. చేతిలో నాలుగున్నర లక్షలకు మించి లేదు. ఆ డబ్బుకు పాత కారే వస్తుంది. దానితో పాటు ఇంకో కోరిక కూడా ఉంది: కారు నడుపుతుంటే హుషారుగా ఉండాలి. మధ్యతరగతి ఇంట్లో ఈ మాట పైకి చెప్పడం కొంచెం కష్టమే. ముందుగా విన్నది మా బాబాయి. "రోజుకు మూడు గంటలు కూర్చునే చోటు నచ్చకపోతే ఎలాగమ్మా?" అన్నారు. ఆ ఒక్క మాటతో మిగతా వెతుకులాటకు దారి దొరికింది.

బాబాయి ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఈ రోడ్డు ఆయనకు కొట్టినపిండి. కారు పేర్లు ఒక్కటీ ఎత్తకుండా ముందు దారి గురించి మాట్లాడారు. కలపర్రు టోల్‌గేటు దాటాక వేగం అందుకుంటావు, హనుమాన్ జంక్షన్ దగ్గర నూజివీడు వైపు, గుడివాడ వైపు వెళ్లే బళ్లు కలుస్తాయి, పొట్టిపాడు టోల్ తర్వాత గన్నవరం దాకా మళ్లీ ఖాళీ, ఎనికేపాడు నుంచి రామవరప్పాడు వరకు క్లచ్ మీద కాలు తీయలేవు అని. డిసెంబరు, జనవరి నెలల్లో గన్నవరం చుట్టుపక్కల పొగమంచు గురించీ, కొల్లేరు వైపు నుంచి వచ్చే చేపల లారీల నుంచి కారే నీళ్ల గురించీ విడిగా హెచ్చరించారు. అంటే నా ప్రయాణంలో ఎక్కువ భాగం ఎనభై, తొంభై వేగంతో సాగుతుంది. చివరి ఎనిమిది, పది కిలోమీటర్లు ఊరి ట్రాఫిక్. కారును ఆ పెద్ద భాగానికి తగినట్టు ఎంచుకోవాలన్నది ఆయన తీర్పు. పెద్ద తెర, సన్‌రూఫ్ చూసి మురిసిపోవద్దన్నారు.

ఆయన నేర్పిన పరీక్ష ఎవరైనా చేయవచ్చు. అయిదో గేరులో ఎనభై మీద వెళుతున్నప్పుడు గేరు తగ్గించకుండా యాక్సిలరేటర్ తొక్కాలి. బండి మూలగకుండా అందుకుంటే లారీని దాటేటప్పుడు పక్క వరుసలో ఎక్కువసేపు ఉండనక్కరలేదు. తొంభై దగ్గర స్టీరింగ్ చేతిలో నిలకడగా ఉందా, లారీ పక్క నుంచి వెళ్లేటప్పుడు గాలికి బండి ఊగుతోందా, గంటసేపు నడిపాక నడుము ఏమంటోంది, ఇవన్నీ చూడాలి. ఊళ్లో రెండు వీధులు తిప్పి కొనేస్తే ఇందులో ఒక్కటీ తెలియదు. అందుకే చూసిన ప్రతి కారునూ హైవే ఎక్కించాం. పక్క సీట్లో బాబాయే కూర్చున్నారు. ఆ వయసులో, ఆ ఎండలో.

డీజిలా, పెట్రోలా అన్న చిక్కుముడి విప్పింది మా కాలేజీలో కామర్స్ చెప్పే మేడమ్. నెలకు 25 రోజులు అనుకుంటే 3,000 కిలోమీటర్లు. లీటరుకు 15 ఇచ్చే పెట్రోలు కారుకు 200 లీటర్లు, 20 ఇచ్చే డీజిల్ కారుకు 150 లీటర్లు. అప్పటి ధరలు పెట్రోలు లీటరు సుమారు 110, డీజిల్ సుమారు 97 రూపాయలని వేసి చూస్తే నెలకు ఏడు వేల పైచిలుకు తేడా. డీజిల్ బండికి సర్వీసు ఖర్చు ఎక్కువ కాబట్టి అందులో కొంత తీసేయమన్నారు. తీసేసినా ఇంత దూరానికి డీజిలే మేలు. నెలకు వెయ్యి కిలోమీటర్లు దాటని వారికి ఇదే లెక్క తిరగబడవచ్చని కూడా ఆవిడ చెప్పారు. పదేళ్లు దాటిన డీజిల్ బళ్ల మీద ఆంక్షలన్న భయం నాకూ ఉండేది. ఆ గొడవంతా ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానిదని, మన రాష్ట్రంలో అలాంటి పదేళ్ల నిబంధన లేదని ఓపికగా వివరించారు.

చూసిన వాటిలో మనసు దోచుకున్నది ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ. చిన్న 1.2 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజిన్, ఏడు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల) ఆటోమేటిక్. తొంభై దగ్గర రోడ్డుకు అతుక్కుని పోతుంది. కానీ ఆ గేరుబాక్సు మొరాయిస్తే మరమ్మతు ఖర్చు నా జీతానికి అందేది కాదు. హోండా సిటీ ఇంజిన్ ఎంత తీయగా తిరుగుతుందో మాటల్లో చెప్పలేను. పెట్రోలు లెక్క దాన్ని పక్కన పెట్టించింది. స్విఫ్ట్ డీజిల్ వద్దనడానికి పెద్ద కారణం లేదు. 75 హార్స్‌పవర్ ఇంజిన్, ఎక్కడైనా బాగుచేస్తారు. మేము చూసిన రెండూ మాత్రం విపరీతంగా తిరిగిన బళ్లు. మీటరులో అంకెలు తక్కువ, పెడల్ రబ్బర్లు చూస్తే నున్నగా అరిగి ఉన్నాయి.

చివరికి కుదిరింది 2018 నాటి ఫోర్డ్ ఫిగో స్పోర్ట్స్, 1.5 లీటర్ల డీజిల్. నూరు హార్స్‌పవర్, 215 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రాలను తిప్పే బలం). అంత చిన్న బండికి ఇది చాలా ఎక్కువ బలం. మామూలు ఫిగో కంటే ఇందులో సస్పెన్షన్ గట్టిగా ఉంటుంది, చక్రాలు 15 అంగుళాలవి. బాబాయి పరీక్షలో దీనికి వంక పెట్టడానికి లేకపోయింది. అయిదో గేరులో కాలు కాస్త అదిమితే చాలు, ముందుకు దూకింది. పక్కన ఆయన ఏమీ అనలేదు, తల మాత్రం ఊపారు.

ఫోర్డ్ 2021లో మన దేశంలో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది కదా, విడిభాగాల మాటేమిటి అని ఇంట్లో అందరూ అడిగారు. దీనికి జవాబు చెప్పింది విజయవాడ ఆటోనగర్‌లోని మెకానిక్ అన్న. ఇదే ఇంజిన్ ఎకోస్పోర్ట్‌లోనూ ఉంది, ఆ బళ్లు రోడ్ల మీద వేలాదిగా తిరుగుతున్నాయి, సర్వీసు సెంటర్లూ నడుస్తున్నాయి; ఫిల్టర్లు, బ్రేకులు, క్లచ్, బెల్టులకు ఇబ్బంది లేదు, బంపర్లు, లైట్ల వంటివి దొరకడం కాస్త ఆలస్యం కావచ్చు అన్నారు. తయారీ ఆగిపోయిందన్న భయం వల్లే ఇంత మంచి బండి ఈ ధరకు వస్తోందని కూడా ఆయనే చెప్పారు.

ఈ అన్న గురించి ఎంత రాసినా తక్కువే. బండి చూడటానికి వస్తున్నామని, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఉంచమని ఓనరుకు ముందే ఫోను చేయించారు. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందని చూసుకున్నాకే తాళం తిప్పారు. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత తెరిచి లోపలి నుంచి గాలి ఎంత తోస్తోందో చూశారు. తలుపుల బోల్టుల మీద రంగు చెదిరిందా, పిల్లర్ల దగ్గర అతుకులు ఉన్నాయా, అద్దాలన్నీ ఒకే ఏడాదివేనా అని వేలితో తడుముతూ చూశారు. టైరు పక్క గోడ మీద నాలుగంకెల సంఖ్యలో మొదటి రెండు వారం, చివరి రెండు ఏడాది అని నాకు చూపించారు. ముందు టైర్లు రెండూ మార్చాల్సినవేనని ధరలో తగ్గించమని అడిగారు. స్కానర్ పెట్టి పాత ఎర్రర్లు చదివారు. అన్నిటికంటే ఎక్కువసేపు మాట్లాడింది టైమింగ్ బెల్ట్ గురించి. అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజినే పోతుందట. మార్చిన బిల్లు చూపించేదాకా కదల్లేదు. అంతకుముందు వద్దన్న కార్లకు పైసా తీసుకోలేదు. "కొనని బండికి డబ్బులేమిటి?" అన్నారు. అన్నా, ఆ రోజు మీ దుకాణం దగ్గర బళ్లు వరుసగా నిలబడి ఉండటం నేను చూశాను.

కాగితాల పని మా పెద్దమ్మగారి అమ్మాయి చేసిపెట్టింది. ఎంపరివాహన్ యాప్‌లో ఆర్‌సీ వివరాలు, చలాన్లు, బ్యాంకు అప్పు తీరిందా లేదా అన్నీ చూసింది. బండి నా పేరుకు మార్చడానికి కావలసిన ఫారం 29, 30 మీద సంతకాలు తన ఎదుటే పెట్టించింది. బీమా 14 రోజుల్లోగా నా పేరుకు మార్చుకోవాలని, పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) నాకు రాదని చెప్పింది కూడా తనే. ఫాస్టాగ్ వార్షిక పాస్ సలహా తనదే: 2025లో మొదలైనప్పుడు 3,000 రూపాయలకు 200 సార్లు, అంటే గేటుకు 15 రూపాయలు పడేది. నాకు రోజుకు నాలుగు దాట్లు కాబట్టి పాస్ ఏడాది రాదు, 50 రోజుల్లో అయిపోతుంది. అయినా గిట్టుబాటే. అక్కా, నీ ఋణం సంక్రాంతికి తీరుస్తాను.

ఇక ఈ కారు నాకు అమ్మిన మాస్టారు. తాడేపల్లిగూడెంలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. డీజిల్ పోయించిన ప్రతిసారీ తేదీ, లీటర్లు, మీటరు అంకె రాసిన నోటుబుక్కు బండితో పాటు నా చేతికిచ్చారు. ఎడమ వెనక అద్దం నెమ్మదిగా లేస్తుందని, వెనక బంపరు కింద గీత ఎలా పడిందో, అడగకముందే చెప్పారు. మేము అడిగిన తగ్గింపు మారుమాట లేకుండా ఒప్పుకుని 4,20,000 రూపాయలకు ఇచ్చారు. తాళాలు ఇస్తూ ఆయన కోరింది ఒక్కటే, మైలేజీ ఎంత వస్తోందో చెప్పమని. మాస్టారూ, మీ పుస్తకంలో తర్వాతి పేజీ నుంచి నేను రాస్తున్నాను. ముందు టైర్లు మార్పించాను, అద్దం బాగైంది. ఏసీ వేసుకుని, తొంభై దాటకుండా నడిపితే లీటరుకు ఇరవై దాటుతోంది. బాబాయి పక్కన కూర్చున్న రోజు ఇంకా కొంచెం ఎక్కువే వస్తోంది.