పర్యావరణ విభాగం వార్షిక నివేదిక, 2025: సీసపు తూటాలు, కాండర్ రాబందులు

సభ్యులందరికీ నమస్కారం.

మొక్కల పంపిణీ, సముద్రతీరం శుభ్రం చేసే కార్యక్రమం ఈ ఏడాది కూడా ఎప్పటిలాగే జరిగాయి. వాటి ఖర్చులు కోశాధికారి నివేదికలో చూడవచ్చు. ఇక్కడ ఎక్కువ చోటు వేటలో సీసపు తూటాలను నిషేధించడం సరైనదేనా అన్న చర్చకే ఇస్తున్నాను. మన సంఘంలో వేటకు వెళ్లే కుటుంబాలూ ఉన్నాయి, పక్షుల కోసం తెల్లవారుజామునే బయల్దేరే కుటుంబాలూ ఉన్నాయి. అందుకే మాటలు గట్టిగానే నడిచాయి.

వసంతకాలంలో మన కాలిఫోర్నియాలోని పినకిల్స్ నేషనల్ పార్క్‌కి వెళ్లినప్పుడు చాలామంది సభ్యులు కాలిఫోర్నియా కాండర్‌ను మొదటిసారి చూశారు. రెక్కలు చాపితే తొమ్మిదిన్నర అడుగులుండే రాబందు ఇది. 1982 నాటికి ప్రపంచం మొత్తం మీద 22 పక్షులే మిగిలాయి. 1987లో అడవిలో ఉన్న చివరి పక్షిని కూడా పట్టుకుని, జూలలో పిల్లలు చేయించి, మళ్లీ వదలడం మొదలుపెట్టారు. ఇప్పుడు మొత్తం 500 దాటాయి. అయినా అడవిలో వీటి చావులకు అతి పెద్ద కారణం సీసమే.

సీసపు తూటా జంతువు ఎముకకు తగలగానే కంటికి కనబడనంత చిన్న ముక్కలుగా చెదురుతుంది. వేటగాడు జింకను అక్కడే కోసి, పేగులూ లోపలి భాగాలూ వదిలేసి వెళ్తాడు. కాండర్లు వాటి మీద వాలతాయి. కడుపులోని ఆమ్లానికి సీసం కరిగి రక్తంలో కలుస్తుంది. జీర్ణవ్యవస్థ పడకేస్తుంది. తిన్నది లోపలే ఉండగా పక్షి ఆకలితో చనిపోతుంది. పినకిల్స్ పక్షులను పట్టి రక్తపరీక్ష చేస్తారు, విషం ఎక్కినవాటికి ఓక్లాండ్ జూలో చికిత్స ఇస్తారు. కాండర్ ఆరేళ్లు దాటితే గానీ గుడ్డు పెట్టదు, పెట్టినా ఒకసారికి ఒక్కటే. అలాంటి జాతిలో ఒక్క పక్షి పోయినా పెద్ద నష్టమే.

చట్టం లేదా అని చాలామంది అడిగారు. ఉంది. కాండర్లు తిరిగే ప్రాంతాల్లో 2008 నుంచి, 2019 జులై 1 నుంచి కాలిఫోర్నియా అంతటా, వేటలో సీసపు తూటాలు వాడకూడదు. కానీ వాటిని కొనడం, ఇంట్లో ఉంచుకోవడం, షూటింగ్ రేంజ్‌లో కాల్చడం నేరం కాదు. అడవిలో ఎవరు ఏది కాల్చారో చూసేవాళ్లు తక్కువ.

వేటకు వెళ్లే మన సభ్యుల వాదన న్యాయంగా రాయాలి. సీసానికి బదులుగా వాడే రాగి తూటాల ధర ఎక్కువ. కొన్ని పాత తుపాకులకు సరిపడేవి షాపుల్లో దొరకవు. పొలాల్లో నేల ఉడుతలను కొట్టే .22 అనే చిన్న తూటాల తుపాకులకైతే సీసం లేని తూటాలు దొరకడమే కష్టం, గురి కూడా అంత బాగా కుదరదని అంటారు. అరిజోనాలో 2005 నుంచి ప్రభుత్వమే కాండర్లు తిరిగే కైబాబ్ ప్రాంతపు వేటగాళ్లకు రాగి తూటాలు ఉచితంగా ఇస్తోందనీ, నిషేధం లేకుండానే 80 శాతానికి పైగా వేటగాళ్లు సహకరిస్తున్నారనీ వాళ్లు గుర్తుచేశారు. అది నిజమే. అయితే అక్కడ కూడా కాండర్లు సీసంతో చనిపోతూనే ఉన్నాయి. మిగిలిన కొద్దిమంది వదిలేసిన మాంసం చాలు వాటిని చంపడానికి. కాబట్టి నిషేధం ఉండాలన్నదే మా విభాగం అభిప్రాయం.

ఈ విషయంలో మనకు ఇంటి దగ్గరి అనుభవమే ఉంది. పశువులకు వేసే డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వల్ల, ఆ పశువుల కళేబరాలు తిని ఇండియాలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. 2006లో పశువులకు ఆ మందు నిషేధించారు. రాబందులకు హాని చేయకుండా అదే పని చేసే మెలాక్సికామ్ అనే మందు ఉండబట్టి రైతులకు దారి దొరికింది. అయినా మనుషులకు ఇచ్చే పెద్ద సీసాల మందు పశువులకు చేరుతూనే ఉండటంతో, 2015లో ఇంజెక్షన్ సీసాను 3 మిల్లీలీటర్లకు పరిమితం చేయాల్సి వచ్చింది. తెలంగాణలో బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట మీద కనిపించిన రాబందుల కోసం అటవీశాఖ ఎంతో శ్రమపడింది. చట్టం రాయడంతో పని సగమే అవుతుంది, బదులుగా వాడేది చేతికి అందాలి.

తల్లులను ఎక్కువగా కదిలించింది మాత్రం వంటింటి విషయం. 2008లో నార్త్ డకోటాలో పేదలకు దానంగా ఇచ్చిన జింక మాంసాన్ని ఎక్స్‌రే తీస్తే సీసపు ముక్కలు కనిపించాయి. ఖీమా కొట్టిస్తే ఆ ముక్కలు మాంసమంతా కలిసిపోతాయి. పిల్లల రక్తంలో సీసం ఇంత వరకు ఉన్నా ఫరవాలేదనే హద్దు లేదు. అడవిపంది మాంసం పంచుకునే ఇళ్లవాళ్లు ఏ తూటాతో కొట్టారో తప్పకుండా అడగండి.

వచ్చే ఏడాదికి కార్యవర్గం ముందు రెండు ప్రతిపాదనలు పెట్టాం. మొదటిది, వేట సీజన్ మొదలయ్యేలోపు మన సభ్యులు పాత సీసపు తూటాల పెట్టెలు తెచ్చి ఇస్తే, రాగి తూటాల ఖర్చులో సగం సంఘం భరించడం. రెండోది, ఇదే పద్ధతిని రాష్ట్రమంతా పెట్టమని మన శాసనసభ్యులకు ఉత్తరం రాయడం. ఉత్తరం ముసాయిదా రాయడానికి వేటకు వెళ్లేవాళ్లలో ఇద్దరు, వెళ్లనివాళ్లలో ఇద్దరు కావాలి. సర్వసభ్య సమావేశం రోజున పేర్లు ఇవ్వండి.