గేటు మీద జెండా ఉంటే సమన్లు ఆగాలా? కేంద్ర విదేశాంగ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నేను అనంతపురం కోర్టులో ప్రాక్టీసు చేస్తున్న న్యాయవాదిని. నా క్లయింటు చీనీ (బత్తాయి) రైతు. తోట మీదే కాయ బేరమాడి కొన్న వ్యాపారి లారీలకెత్తుకుని వెళ్లాడు కానీ బాకీ తీర్చలేదు. దావా వేశాం. ఆ వ్యాపారి ఉండేది వేరే నగరంలో. అతను ఒక చిన్న దేశానికి గౌరవ కాన్సుల్ కూడా, అంటే ఆ దేశం పనులు, దాని పౌరుల బాగోగులు ఇక్కడ చూసే ప్రతినిధి. సమన్లు అందించడానికి వెళ్లిన కోర్టు ఉద్యోగి (అమీనా) గేటు పక్కన ఇత్తడి ఫలకం, పైన విదేశీ జెండా చూశాడు. ‘దౌత్య కార్యాలయం, లోపలికి వెళ్లరాదు’ అని సమన్ల వెనుక రాసి తిప్పి పంపాడు. అమీనాను తప్పుపట్టను. గౌరవ కాన్సుల్ గేటు దగ్గర ఆగిపోనక్కరలేదని అతనికి చెప్పిన వారెవరు?

కాన్సుళ్ల హక్కులను తేల్చింది 1963 నాటి వియన్నా ఒప్పందం. మన దేశం అందులో 1977లో చేరింది. కాన్సుళ్లు రెండు రకాలని అది మొదటి అధికరణంలోనే చెబుతుంది. పంపిన దేశం ఉద్యోగులుగా వచ్చేవారు ఒక రకం. రెండో రకం గౌరవ కాన్సుళ్లు. వీరు చాలావరకు ఇక్కడే స్థిరపడి, సొంత వ్యాపారం చేసుకుంటూనే ఆ దేశం పనులు చూసేవారు. వీరి కోసం 58 నుంచి 68 దాకా అధికరణాలతో ప్రత్యేక అధ్యాయమే ఉంది. అసలు ఇలాంటి వారిని నియమించాలా, అంగీకరించాలా అన్నది కూడా ఆయా దేశాల ఇష్టమేనని 68వ అధికరణం చెబుతుంది.

ఆ అధ్యాయం చదివితే మా వ్యాపారి దర్పంలో సగం దిగిపోతుంది. గౌరవ కాన్సుల్ కార్యాలయాన్ని చొరబాట్ల నుంచి కాపాడే బాధ్యత మన ప్రభుత్వానిదే. అయితే ఉద్యోగ కాన్సుల్ కార్యాలయానికి ఉన్నట్టు అధికారులు అడుగుపెట్టరాదన్న హామీ దానికి లేదు. కాన్సులేటు దస్త్రాలకు రక్షణ ఉంది, అదీ వాటిని సొంత వ్యాపారపు కాగితాలతో కలపకుండా విడిగా ఉంచినప్పుడే. క్రిమినల్ కేసు నమోదైతే అధికారుల ముందు హాజరు కావాల్సిందే. ఆదాయపు పన్ను మినహాయింపు కాన్సుల్ పనికి ఆ దేశం ఇచ్చే భత్యానికే తప్ప చీనీకాయల లాభానికి కాదు. కారు మీద జెండా అధికారిక పని మీద వెళ్లేటప్పుడే. కుటుంబ సభ్యులకు ఏ మినహాయింపూ లేదు. మా వ్యాపారిలా భారత పౌరుడే అయితే 71వ అధికరణం ఆ కాస్తనూ మరింత కుదిస్తుంది.

అతని వకీలు సివిల్ ప్రొసీజర్ కోడ్ 86వ సెక్షన్ పట్టుకొచ్చాడు. కేంద్రం అనుమతి లేనిదే దావా చెల్లదట! ఆ సెక్షన్ మాట్లాడేది విదేశీ రాజ్యాలు, వాటి పాలకులు, రాయబారులు, హైకమిషనర్లు, కేంద్రం ఉత్తర్వులో పేర్కొన్న సిబ్బంది గురించి. ఇక ఒప్పందంలోని 43వ అధికరణం చూస్తే, ఉద్యోగ కాన్సుల్‌కు కూడా రక్షణ అధికారిక పనుల వరకే. పంపిన దేశం తరఫున కాకుండా సొంతంగా చేసుకున్న కాంట్రాక్టు మీద సివిల్ దావా వేయవచ్చని అందులో స్పష్టంగా ఉంది. తోట దగ్గర తూకం వేయించింది ఏ దేశం తరఫున?

ఇలా రాశానని ఆ పదవే వద్దనుకుంటున్నట్టు భావించకండి. పుట్టపర్తికి ఏటా ఎన్నో దేశాల భక్తులు వస్తారు. పెనుకొండ దగ్గర కియా కర్మాగారం వచ్చాక కొరియన్లు ఈ ప్రాంతంలోనే కాపురాలుంటున్నారు. వీరిలో ఒకరు చనిపోతే ఆలస్యం లేకుండా వారి కాన్సులేటుకు తెలియజేయాలని 37వ అధికరణం ఆదేశం. అరెస్టయితే కాన్సుల్‌ను పిలిపించుకునే హక్కు ఉందని ఆ వ్యక్తికి చెప్పడం 36వ అధికరణం ప్రకారం పోలీసుల విధి. చిన్న దేశాల వారికి దక్షిణాదిన దిక్కు ఒక్కోసారి గౌరవ కాన్సులే. పాకిస్తాన్ నిర్బంధించి, మన కాన్సుల్‌ను కలవనివ్వని భారతీయుడు కుల్‌భూషణ్ జాదవ్ కేసులో 2019 జులై 17న అంతర్జాతీయ న్యాయస్థానం పాకిస్తాన్‌ను తప్పుపట్టింది ఈ 36వ అధికరణం కిందే. అక్కడ మనం గట్టిగా పట్టుకున్న నియమం ఇక్కడి స్టేషన్లో సీఐకీ వర్తిస్తుంది. విచిత్రమేమిటంటే, భయపడనక్కరలేని చోట కాగితం తిరిగొస్తోంది. ఫోను చేయాల్సిన చోట ఏ నంబరుకు చేయాలో స్టేషన్లో రాసి ఉండదు.

మన పౌరుడిని మరో దేశం కాన్సుల్‌గా పెట్టుకోవాలంటే మన ప్రభుత్వ సమ్మతి తప్పనిసరి. ఆ సమ్మతిని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చని 22వ అధికరణం అంటుంది. అంటే ఎవరెవరు కాన్సుళ్లో, ఎవరు భారత పౌరులో, ఎవరి పరిధి ఎంతవరకో మీ శాఖకు తెలుసు. ఆ జాబితాను, పైన చెప్పిన నియమాలను ఒక పేజీ తెలుగు సర్క్యులర్‌గా హైకోర్టు ద్వారా కింది కోర్టుల్లో సమన్ల పని చూసే నాజర్లకు, డీజీపీ ద్వారా స్టేషన్లకు పంపించండి. సమ్మతి పత్రంలో ఒక షరతు కూడా చేర్చండి: సొంత వ్యాపారపు దావాలో కాన్సుల్ ఫలకాన్ని అడ్డుపెట్టుకుంటే ఆ సమ్మతి రద్దు కావాలి.

సమన్లు మళ్లీ జారీ చేయమని పిటిషన్ వేశాను. సర్క్యులర్ వాయిదాలోపు వస్తే దాని నకలు అమీనా చేతికి నేనే ఇస్తాను.

ఇట్లు,
అనంతపురం న్యాయవాది ఒకరు