పాత విమానం అనేస్తే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

టేకాఫ్‌లో ఇంజిన్ ఆగి పాతకాలపు ప్రొపెల్లర్ విమానం కూలిందంటే చాలు, దాని వయసే శీర్షికకు ఎక్కుతుంది. ‘వీటిని మ్యూజియంలో పెట్టక ఎందుకు ఎగరేస్తారు’ అంటూ మర్నాడు ఉత్తరాలు వస్తాయి. నేను పిస్టన్ ఇంజిన్ల మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యాను. అలాంటి వార్తల్లో నా కళ్లు వెతికేది ఒక్కటే: ఆ ఇంజిన్‌ను చివరిసారి ఎవరు, ఎప్పుడు విప్పి చూశారు? అది మాత్రం ఎక్కడా కనిపించదు.

2019 అక్టోబర్ 2న అమెరికాలోని బ్రాడ్లీ విమానాశ్రయంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి బి-17 బాంబర్ కూలి ఏడుగురు చనిపోయారు. డబ్బు కట్టినవాళ్లను అందులో ఎక్కించుకుని తిప్పేవారు. గాల్లోకి లేచిన కాసేపటికే కుడివైపు చివరి ఇంజిన్‌లో పవర్ తగ్గింది. వెనక్కి మళ్లి దిగబోతుంటే, చక్రాలు ముందే దించడంతో వేగం పడిపోయి రన్‌వే అందలేదు. తర్వాత ఆ ఇంజిన్‌ను పరీక్షిస్తే ప్లగ్గులకు కరెంటు పుట్టించే మ్యాగ్నెటోల్లో ఒకదాని వైరు ఊడి ఉంది, రెండో మ్యాగ్నెటో స్పార్క్ బలహీనంగా ఉంది. పక్క ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్గుల గ్యాప్ హద్దు దాటింది. పైలెట్ తప్పుతో పాటు మెయింటెనెన్స్ లోపాన్నీ దర్యాప్తు నివేదిక ఎత్తిచూపింది. మెయింటెనెన్స్ డైరెక్టర్ కూడా ఆ పైలెట్టే! తన పనిని తనే పాస్ చేసుకునే చోట ‘ఈరోజు ఎగరొద్దు’ అని అడ్డుపడేది ఎవరు?

ఇలాంటి పాత విమానాల్లో ఎక్కువగా ఉండే రేడియల్ ఇంజిన్‌లో సిలిండర్లు గుండ్రంగా అమర్చి ఉంటాయి. విమానాన్ని కదపకుండా ఉంచితే ఆయిల్ మెల్లగా దిగి అడుగు సిలిండర్లలో చేరుతుంది. అందుకే స్టార్ట్ చేసే ముందు, స్విచ్‌లు ఆఫ్‌లో ఉన్నాయని చూసుకుని, ప్రొపెల్లర్ రెక్కల్ని ఒక్కొక్కటిగా చేత్తో తోసి తిప్పుతాం. ఎక్కడైనా గట్టిగా అడ్డు తగిలితే అక్కడే ఆపేయాలి. బలం ఉపయోగించకూడదు, వెనక్కి తిప్పకూడదు. కింది సిలిండర్ల ప్లగ్గులు ఊడదీసి, ఆయిల్ అంతా కారిపోయేదాకా ఓపిక పట్టాలి. టైమ్ లేదని స్టార్టర్ నొక్కేస్తే, ఆయిల్ గాలిలా కుంచించుకుపోదు కాబట్టి, పిస్టన్‌కు తగిలించిన కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. ఆ రోజుకు ఇంజిన్ మామూలుగానే తిరుగుతుంది. ఎన్నో గంటలు ఎగిరాక, ఫుల్ పవర్ ఇచ్చిన ఏ టేకాఫ్‌లోనో ఆ రాడ్ విరుగుతుంది. అప్పుడు ఆ నేరం విమానం వయసు మీదికి పోతుంది.

వయసుకు సంబంధమే లేదని నేను అనను. 2015లో నటుడు హారిసన్ ఫోర్డ్ నడిపిన 1942 నాటి ర్యాన్ విమానం టేకాఫ్ కాగానే పవర్ పోయి గోల్ఫ్ మైదానంలో పడింది. ఆయన గాయాలతో బతికారు. ఇంజిన్‌కు ఇంధనం అందించే కార్బ్యురేటర్‌లో, ఇంధనాన్ని కొలిచి వదిలే ‘జెట్’ అనే చిన్న భాగం మర వదులై ఊడివచ్చింది. దాన్ని ఎప్పటికప్పుడు చూడాలని మెయింటెనెన్స్ పుస్తకంలోనే లేదు. పుస్తకం రాసిన రోజున ఆ ఇంజిన్ ఇన్నేళ్లు తిరుగుతుందని ఎవరనుకున్నారు? పాత ఇంజిన్‌కు పుస్తకంలో ఉన్నది చేస్తే చాలదు. ఆ చేయి తిరిగిన మెకానిక్‌లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు, కొత్తవాళ్లకు నేర్పే ఏర్పాటు తక్కువ. నాకు బెంగగా ఉన్నది అందుకే.

ఈ విమానాలు ఎగరాలనే నా కోరిక. అయితే మెకానిక్, పైలెట్ వేర్వేరుగా లేని చోట, మెకానిక్ వద్దంటే ఆగని చోట, ఒక్క ప్రయాణికుణ్ణి కూడా ఎక్కించకూడదు.

మీకో విన్నపం. దర్యాప్తు నివేదిక రావడానికి ఏడాది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. అప్పటికి ప్రమాదాన్ని అందరూ మర్చిపోతారు. కూలిన రోజు ఫొటో వేసిన పేజీలోనే, ఏ భాగం ఎందుకు పాడైందో, దాన్ని ఎవరు చూడాల్సి ఉందో నివేదిక వచ్చాక కూడా వేయండి.

– ఒక రిటైర్డ్ విమాన ఇంజిన్ మెకానిక్