తిన్న డబ్బు మనిషికి తిరిగివ్వాలి, కానుక పెట్టెలో వేస్తే చాలదు

సంపాదకులు గారికి,

నమస్కారం. ఎండాకాలం వచ్చిందంటే మా ఒంగోలు చుట్టుపక్కల ఏ సెంటర్‌లో చూసినా స్వస్థత సభలు, ఉజ్జీవ కూటాల ఫ్లెక్సీలే. వాటిలో కొన్నిటి ప్రకటనలు పేపర్ల జిల్లా పేజీల్లోనూ వస్తుంటాయి. సభలు పెట్టుకోవడం మీద నాకేమీ అభ్యంతరం లేదు. నేను బాప్టిస్టు సంఘంలో పుట్టి పెరిగినవాణ్ణి, పాటలన్నా వాక్యమన్నా నాకూ ప్రాణమే. నా బాధంతా ఒకటే, కొన్ని వేదికల మీద పాప క్షమాపణకి రేటు కట్టినట్టు మాట్లాడుతున్నారు. ఇంట్లో రోగం పోవట్లేదంటే ఒప్పుకోని పాపం ఏదో ఉందని, ఆ కట్లు తెగాలంటే విత్తన కానుక, అంటే ముందు డబ్బిస్తే మేలు పంటలా తిరిగొస్తుందనే కానుక, వెయ్యాలని చెప్తారు, వెనకాల పెద్ద స్క్రీన్ మీద ఫోన్‌పే నంబరు కనపడుతూ ఉంటుంది.

మా వీధిలో పొగాకు గ్రేడింగ్ పనికి పోయే ఒకామె ఉంది. కొడుక్కి చిన్నప్పటి నుంచీ ఫిట్స్. మందులు ఆపొద్దని డాక్టరు చెప్పాడు, వాడినన్నాళ్ళూ పిల్లాడు బాగానే ఉన్నాడు. ఒక సభలో ఆమెని ముందుకి పిలిచి, పెద్దలు చేసిన పాపం పిల్లాడి మీద ఉంది, త్యాగంతో కూడిన కానుక ఇస్తేగానీ విడుదల రాదు అన్నారట. డ్వాక్రా లోను డబ్బు అప్పుడే చేతికొచ్చింది, అందులోంచి తీసి కవర్లో పెట్టి ఇచ్చేసింది, ఆ నమ్మకంతోనే మందులూ ఆపేసింది. మళ్ళీ ఫిట్స్ వచ్చి పెద్దాసుపత్రికి పరుగెత్తాల్సి వచ్చింది. ఇప్పుడు మందులు మళ్ళీ మొదలుపెట్టారు, లోను కిస్తీ మాత్రం ఆమె కూలి డబ్బుల్లోంచి పోతోంది. నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఆ కిస్తీ కూడా కాదు. తన విశ్వాసం తక్కువైంది కాబట్టే పిల్లాడికి ఇలా అయిందని ఆమె తనని తానే తిట్టుకుంటోంది.

పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు ఇదే ప్రశ్న అడిగారు కదా, వీడు పాపం చేశాడా, వీడి అమ్మానాన్నలు చేశారా అని. వీడూ కాదు, వాళ్ళూ కాదు అన్నాడు యేసు. యోహాను సువార్త 9వ అధ్యాయం. ఇది చదవని పాస్టరు మన జిల్లాలో ఉంటాడని నేననుకోను. డబ్బు సంగతీ అంతే, దాచిపెట్టిన విషయమేమీ కాదు. సమరయలో గారడీ చేసుకునే సీమోను డబ్బు తెచ్చిపెట్టి, నేను చేతులుంచినా పరిశుద్ధాత్మ వచ్చేలా ఆ అధికారం నాకూ ఇవ్వండి అనడిగితే, నీ వెండి నీతోపాటే నాశనమైపోనీ అని పేతురు మొహం మీదే చెప్పాడు. సిరియా సేనాధిపతి నయమానుకి కుష్ఠు పోయాక ఎలీషా ప్రవక్త ఒక్క కానుక కూడా ముట్టలేదు, వెనకాల పరుగెత్తి అబద్ధమాడి రెండు తలాంతుల వెండి పుచ్చుకున్న ఆయన సేవకుడు గేహజీకి ఆ కుష్ఠే అంటుకుంది. మరి ధర్మశాస్త్రంలో పాపం కోసం బలి ఇమ్మన్నారు కదా, దానికి ఖర్చవదా అని ఒకాయన నన్నడిగాడు. అవుతుంది. కానీ లేవీయకాండం 5వ అధ్యాయంలోనే ఉంది, గొర్రెని తేలేనివాడు రెండు గువ్వలు తేవచ్చు, అవీ తేలేకపోతే కాస్త పిండి తెస్తే చాలు. నిర్గమకాండం 30లో ప్రాణానికి పరిహారంగా ఇచ్చే అర తులం వెండి దగ్గర, ధనవంతుడు అంతకంటే ఎక్కువ ఇవ్వకూడదు, బీదవాడు తక్కువ ఇవ్వకూడదు అని రాసి ఉంది. వెయ్యి ఇచ్చినవాళ్ళకి కింద నిలబెట్టి ప్రార్థన, లక్ష ఇచ్చినవాళ్ళకి స్టేజి మీదకి పిలిచి పేరు చదివి ప్రార్థన, ఈ పద్ధతికి బైబిల్లో చోటెక్కడుంది?

అలాగని డబ్బుకీ క్షమాపణకీ అసలు సంబంధమే లేదని నేననను. ఉంది, చాలా గట్టిగా ఉంది, కాకపోతే అది కానుక పెట్టె దగ్గర కాదు. లేవీయకాండం 6లో, పొరుగువాణ్ణి మోసం చేసి తిన్నవాడు ముందు ఆ అసలుకి ఐదో వంతు కలిపి ఎవరిది వాళ్ళకి ఇచ్చెయ్యాలి, ఆ తర్వాతే యాజకుడి దగ్గరకి పోవాలి. వరస అదీ. జక్కయ్య కూడా అంతే, సుంకాలు వసూలు చేసే మనిషి, యేసు ఇంటికొచ్చేసరికి ఆస్తిలో సగం బీదలకిస్తాను, ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుని ఉంటే నాలుగంతలు తిరిగిస్తాను అన్నాడు. యేసుకి ఇంత ఇస్తానని అనలేదు, యేసూ అడగలేదు. బలిపీఠం దగ్గర అర్పణ పట్టుకుని నిలబడ్డాక నీ మీద నీ సహోదరుడికి ఏదో ఉందని గుర్తొస్తే, అది అక్కడే వదిలేసి ముందు పోయి అతనితో సమాధానపడు అని కొండమీద ప్రసంగంలో చెప్పింది కూడా ఆయనే. ఇవన్నీ సండే స్కూల్లో పిల్లలకి చెప్పే కథలు, పెద్దవాళ్ళమయ్యాక మనమే పక్కన పెట్టేశాం.

ఎందుకంత గట్టిగా చెప్తున్నానంటే, మా పక్క ఊళ్ళో ఒక పెద్దమనిషి చీటీలు నడిపి, చివరి పాటలవాళ్ళకి డబ్బు ఎగ్గొట్టాడు. అందులో రోజుకూలీలున్నారు, పెన్షన్ డబ్బు దాచుకున్న ముసలివాళ్ళున్నారు. కొన్నాళ్ళకి ఆయన మారుమనస్సు పొందానని సాక్ష్యం చెప్పి, మందిరానికి చీమకుర్తి గ్రానైట్ పరిపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. గోడమీద ఆయన పేరు చెక్కించారు. డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు ఆదివారం ఆదివారం ఆ రాళ్ళ మీదే కూర్చుంటున్నారు, వాళ్ళ పైసా వాళ్ళకి రాలేదు. ఆ సంఘ కాపరి ఆయన్ని ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది, అయ్యా, ఈ డబ్బు ఎవరిది, చీటీవాళ్ళకి కట్టేశావా అని. యేసుని అప్పగించినందుకు తీసుకున్న ముప్పై వెండి నాణేలు యూదా దేవాలయంలో పారేసిపోతే ఆ ప్రధాన యాజకులే, ఇది రక్తపు డబ్బు, కానుక పెట్టెలో వెయ్యడం న్యాయం కాదు అన్నారు. యేసుని పట్టించినవాళ్ళకే ఆ మాత్రం తెలిసింది.

ఈ జబ్బు కొత్తదేం కాదు. రోములో సెయింట్ పీటర్స్ ఆలయం కట్టడానికని 1517 ప్రాంతంలో జర్మనీలో కేథలిక్ చర్చి తరఫున పాప పరిహార పత్రాలు అమ్మారు. పేరు ఆలయానిదే కానీ వచ్చినదాంట్లో సగం మైంజ్ ఆర్చిబిషప్ ఆల్బ్రెక్ట్ పదవి కోసం ఫుగ్గర్లనే వడ్డీ వ్యాపారుల దగ్గర చేసిన అప్పు తీర్చడానికి పోయింది, ఇచ్చిన బీదవాళ్ళకి ఆ సంగతి తెలీదు. ఆ చర్చి సిద్ధాంతం ప్రకారం ఆ పత్రం పాపాన్ని క్షమించేది కూడా కాదు, క్షమించిన తర్వాత మిగిలే శిక్షని తగ్గించేది మాత్రమే. కానీ టెట్జెల్ లాంటి ప్రచారకులు ఊరూరా తిరిగి చెప్తుంటే, డబ్బిస్తే పాపం పోతుందనే జనానికి అర్థమైంది. దీన్ని ఎదిరించి ప్రొటెస్టెంటు ఉద్యమానికి నాంది పలికిన మార్టిన్ లూథర్ 95 వాదాలు అంటే మనవాళ్ళకి వాటిని తలుపుకి కొట్టాడని చెప్పే ఆ చర్చి తలుపు ఒక్కటే గుర్తుంటుంది. అందులో 45, 46 చూడండి. అవసరంలో ఉన్నవాణ్ణి చూసీ చూడనట్టు దాటిపోయి పత్రం కొనేవాడు కొనుక్కునేది దేవుడి కోపమే అని ఒకటి, అవసరానికి మించి లేనివాళ్ళు ఇంటి అవసరాలకి డబ్బు ఉంచుకోవాలి, ఈ పత్రాల మీద తగలెయ్యకూడదు అని ఇంకొకటి. ఐదొందలేళ్ళ కిందటి ఆ 46వ మాట మా వీధి ఆమె కోసమే రాసినట్టుంది. కేథలిక్కుల్ని తప్పుపట్టడానికి ఇది చెప్పట్లేదు, 1567లో ఐదో పయస్ పోపు డబ్బుతో ముడిపడ్డ ఆ పరిహార పత్రాల అనుమతులన్నిటినీ రద్దు చేశాడు. వాళ్ళు మానేసిన పనిని లూథర్ పేరు చెప్పుకునే మనం ఇవాళ ఎందుకు చేస్తున్నాం అన్నదే నా ప్రశ్న.

మన జిల్లా చరిత్రలోనే దీనికి సమాధానం ఉంది. 1876-78 కరువులో ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకి పనీ కూలీ ఇచ్చారు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని జనం ఎంత అడిగినా ఇవ్వలేదు. గింజల కోసం, డబ్బు కోసం ఎవరూ ప్రభువు దగ్గరకి రాకూడదని ఆపేశారు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ దగ్గర వెల్లంపల్లిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కరువు వల్లే కలిశారని అన్నవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఎవరేమన్నా, చేతిలో డబ్బున్నప్పుడు దాన్నీ బాప్తిస్మాన్నీ ఒకచోట కలవనివ్వలేదు ఆయన. ఆ ఒంగోల్లోనే ఇవాళ కవర్ బరువు చూసి ప్రార్థన చేస్తున్నారంటే నాకు నిద్ర పట్టట్లేదు.

పల్లెల్లో చిన్న సంఘాలు చూసుకునే పాస్టర్ల గురించి ఇదంతా కాదని దయచేసి అర్థం చేసుకోండి. దశమ భాగాలు, గుప్పెడు బియ్యం మీద బతుకుతూ అర్ధరాత్రి ఫోన్ చేసినా మోటారు సైకిలేసుకుని వచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళకి ఇవ్వాలి, ఇంకా ఎక్కువే ఇవ్వాలి.

నేను అడిగేది మూడు విషయాలు. సంఘాల పెద్దలు ఏడాదికొకసారైనా కానుకల లెక్క ఆరాధనలోనే చదివి వినిపించాలి, బయట నుంచి వచ్చి సభలు పెట్టేవాళ్ళ లెక్కతో సహా. పెద్ద కానుక ఎవరైనా తెస్తే తీసుకునేముందు కాపరి, మీరు ఎవరికైనా బాకీ ఉన్నారా అని అడగాలి. మూడోది మీకు. మంత్రతంత్రాలతో జబ్బులు నయం చేస్తామనే ప్రకటనల్ని అడ్డుకోవడానికి 1954 నుంచే చట్టం ఉంది. ఫిట్స్, షుగరు, క్యాన్సరు పోతాయని చెప్పే సభల ప్రకటనలు మీ దగ్గరకి వస్తే, అవి ఏ మతానివైనా సరే, డబ్బు తిరిగిచ్చి పంపించెయ్యండి.

ఇట్లు,
ఒక బాప్టిస్టు విశ్వాసి,
ఒంగోలు.